అర్థిత్వం: కోదాడ బాలికలు, ఇంజనీరింగ్ విద్య

ఒక కార్యానికి ఎవరు అర్హులన్న ప్రశ్నను నిశితంగా విచారించిన భారతీయ దర్శనాల్లో, వేదవాక్యాల అర్థనిర్ణయానికి ఏర్పడిన పూర్వమీమాంస ముఖ్యమైనది. జైమిని సూత్రాల ఆరవ అధ్యాయంలో, స్వర్గాన్ని కోరేవాడు యాగం చేయాలన్న విధి పుంలింగంలో ఉన్నందున అది పురుషులకే వర్తిస్తుందని ఐతిశాయనుడు వాదించగా, అక్కడి లింగం వివక్షితం కాదనీ, అంటే విధి ఉద్దేశించిన అంశం కాదనీ, కనుక స్త్రీకీ అధికారం, అంటే యాగం చేసే అర్హత, ఉందనీ బాదరాయణుని మతాన్ని అనుసరించి సిద్ధాంతం చేశారు. అదే అధ్యాయం శూద్రులకు ఆ అధికారాన్ని నిరాకరించింది. ఆ నిరాకరణ అన్యాయమని చెప్పక తప్పదు. అయినా మీమాంసకులు అధికారానికి చెప్పిన లక్షణాల్లో ఒకటి నేటికీ విలువైనది. అది అర్థిత్వం, అంటే ఫలాన్ని తానుగా కోరుకోవడం. సామర్థ్యం, నిషేధం లేకపోవడం దానికి తోడయ్యే లక్షణాలు.

కోదాడ ప్రాంతంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే బాలికల ఇంజనీరింగ్ విద్య విషయంలో చిక్కంతా ఈ అర్థిత్వం దగ్గరే ఉంది. నిషేధం లేదు, కోదాడలోనే ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. సామర్థ్యానికీ కొరత లేదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి ఎడమ కాలువ నీరు ఈ మాగాణులకు వస్తున్నా, మేళ్లచెరువు వైపు సిమెంటు కర్మాగారాలూ మిర్యాలగూడ రైసు మిల్లులూ కళ్లెదుటే నడుస్తున్నా, వాటి వెనుక ఒక లెక్క ఉందనీ, దానిని తానూ వేయగలదనీ ఎవరూ చెప్పకపోతే బాలికలో కోరిక పుట్టే చోటు ఏది? పదో తరగతి తర్వాత ఎంపీసీయా, బైపీసీయా అని అడిగేసరికి ఆలస్యమవుతుంది.

1919లో మద్రాసులోని తెలుగు కుటుంబంలో పుట్టిన అయ్యలసోమయాజుల లలిత జీవితం ఈ సంగతిని స్పష్టం చేస్తుంది. పదిహేనేళ్లకే పెళ్లయి, పద్దెనిమిదేళ్లకే పసిబిడ్డతో వితంతువైన ఆమె 1940లో గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చేరి, విద్యుత్ శాఖలో పట్టా పొంది, తర్వాత భాక్రానంగల్ విద్యుత్ లైన్ల రూపకల్పనలో పాలుపంచుకుంది. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు అదే కళాశాలలో విద్యుత్ శాఖ ఆచార్యుడు. ప్రవేశం కోసం అధికారులను ఒప్పించినదీ ఆయనే. ఆమె పట్టుదల గొప్పదే, కాని ఆ విద్య ముందే ఇంటి మాటల్లో ఉండటం చిన్న సంగతి కాదు. అటువంటి ఇల్లు లేని పిల్లకు ఆ లోటు బడే తీర్చాలి.

అయితే అర్థిత్వం పేరిట మరొకరి కోరికను బాలికపై మోపడం దానికి పూర్తిగా విరుద్ధం. మీమాంసలో ఫలం కోరినవారే కర్తలు; ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ తరగతుల్లో కూర్చోబెట్టినప్పుడు ఫలం కోరేది తల్లిదండ్రులు, శ్రమపడేది పిల్ల.

చేయవలసింది ఇంతకంటే సులభం. పెద్దల తోడుతో పొలం పిల్లకాలువ గట్టున నిలబడి, ఎండుపుల్ల ఒకటి నీటిలో వదిలి, కొలిచిన దూరాన్ని అది ఎన్ని సెకన్లలో దాటిందో చూసి, దూరాన్ని ఆ సెకన్లతో భాగిస్తే వచ్చే ఉపరితల వేగం సగటు వేగం కంటే ఎక్కువ కనుక అందులో సుమారు 85 శాతం తీసుకొని, దానిని కాలువ అడ్డుకోత వైశాల్యంతో గుణిస్తే సెకనుకు ఎంత నీరు పారుతోందో తెలుస్తుంది. ఏడో తరగతి గుణకార భాగహారాలతో తేలే ఈ లెక్క వేశాక కూడా ఆ బాలిక తనకు చరిత్రో, వైద్యమో ఇష్టమని చెబితే, ఆ మాట ఆమె సొంత అర్థిత్వం నుంచే వచ్చింది కనుక ఉపాధ్యాయులు దానిని అంతే ఆదరంతో స్వీకరించాలి.