మడిచి పెట్టిన కత్తి

బట్టలు ఉతకడానికి వేసేముందు జేబులు తడిమే అలవాటు నాకు పెళ్లయిన కొత్తలో వచ్చింది. అప్పట్లో దొరికేవి బస్సు టిక్కెట్లు, చిల్లర డబ్బులు, ఎప్పుడైనా ఒక సిగరెట్ పెట్టె. డాలస్‌లో అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉన్నప్పుడు దాని కోటు జేబులో ఒక కత్తి దొరికింది.

అరచేతిలో ఇమిడేంత కత్తి. స్టీలు పిడి, జేబు అంచుకి తగిలించుకోవడానికి ఒక క్లిప్పు, వెనకవైపు చిన్న బుడిపె. ఆ బుడిపెని వేలితో కాస్త తోశానో లేదో టక్కుమని మూడంగుళాల అలుగు బయటికి దూకింది. భయపడి కింద పడేశాను.

"డబ్బాలు కోసుకోవడానికమ్మా" అంది అమ్మాయి నవ్వుతూ. అబద్ధం కాదు. అది పనిచేసేది ఆస్పత్రి ల్యాబులో. అట్టపెట్టెలు వస్తూనే ఉంటాయట. మరి రాత్రి ఒంటిగంటకి డ్యూటీ దిగి కారు దాకా నడిచేటప్పుడు ఆ కత్తి బ్యాగులోంచి కోటు జేబులోకి ఎందుకు మారుతుందని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "హైదరాబాదులో నేను కాలేజీకి వెళ్లేటప్పుడు నా బ్యాగులో పెప్పర్ స్ప్రే పెట్టిందెవరు?" అంది. నేనే.

ఇలాంటి వాటిని అక్కడ 'అసిస్టెడ్ ఓపెనింగ్' కత్తులంటారు. తెరవడానికి స్ప్రింగు సాయం చేస్తుందన్న మాట. వీటి వెనక చట్టం కథ ఒకటుంది. మీట నొక్కితే తెరుచుకునే కత్తుల్ని రాష్ట్రాల మధ్య అమ్మకూడదని అమెరికా 1958లో చట్టం చేసింది. 1990ల చివర్లో హవాయిలో ఉండే కెన్ ఆనియన్ అనే కత్తుల తయారీదారు కనిపెట్టిన పద్ధతిని కెర్షా కంపెనీ ప్రచారంలోకి తెచ్చింది. అందులో మీట ఉండదు. లోపల వంచి పెట్టిన సన్నటి ఉక్కు కడ్డీ మొదట అలుగుని మూసే ఉంచుతుంది. మన వేలు దాన్ని కొంత దూరం తోసి ఒక హద్దు దాటించాక అదే కడ్డీ అలుగుని బయటికి నెట్టేస్తుంది. మూసుకుని ఉండేవైపే మొగ్గు ఉండి, తెరవడానికి మనిషి ప్రయత్నం అవసరమయ్యే కత్తులకి ఆ నిషేధం వర్తించదని 2009లో చట్టాన్ని సవరించారు. టెక్సాస్ అయితే 2013లో మీట కత్తుల మీద కూడా తన నిషేధం ఎత్తేసింది.

ఈ 'మొగ్గు' దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. మనిషి నిర్ణయం ఎక్కడుందో చట్టం వెతికింది. మొదటి తోపు నీది, మిగతాది స్ప్రింగుది. కానీ హద్దు దాటాక సగంలో "వద్దులే" అనడానికి వీలుండదు. అలాంటప్పుడు మొదటి తోపు ఏది? బుడిపె మీద వేలు పెట్టడమా, రోజూ కత్తిని జేబులో వేసుకుని బయల్దేరడమా? కొనడమా? లేక కూతురి బ్యాగులో తల్లి పెప్పర్ స్ప్రే పెట్టడమా?

వాడి చూశాను కాబట్టి నా అభిప్రాయం కూడా చెప్తాను. ఒక చేత్తో పెట్టె పట్టుకుని రెండో చేత్తో తెరవాలంటే దీనికి సాటి లేదు. టేపు వెన్నలా తెగుతుంది. కూరకి మాత్రం పనికిరాదు. కొత్తిమీర కాడల తడీ మట్టీ మడతలోకి పోతే శుభ్రం చెయ్యడం పెద్ద తద్దినం. అసలు ఇబ్బంది మూసేటప్పుడు. లోపలి తాళపు రేకుని బొటనవేలితో పక్కకి తోసి, స్ప్రింగు ఎదురు తంతుంటే అలుగుని వెనక్కి నొక్కాలి. అంతసేపూ ఆ వేలు అలుగు వచ్చే దారిలోనే ఉంటుంది. నా వేలు రెండుసార్లు గీరుకుంది. ఇంకో సంగతి, ఈ కత్తిని చేసినవాళ్లు మనిషికి జేబు ఉంటుందనుకుని చేశారు. నా చీరకి జేబేదీ? చేతిసంచీలో తాళాలు, మాత్రలు, దువ్వెన, బిల్లుల అడుగున పడి ఉండే కత్తికి స్ప్రింగు ఎంత వేగంగా ఉంటే మాత్రం ఏం లాభం?

మా తరానికి పిన్నీసు ఉండేది. సిటీ బస్సులో వెనకనుంచి రాసుకునేవాడి తొడలో గుచ్చడానికి వేళ్ల మధ్య తెరిచి పట్టుకునేవాళ్లం. నేనూ గుచ్చాను. వాడు "అబ్బా" అని పక్కకి తప్పుకున్నాడు, అంతే. దాని గురించి ఒక్కరోజు కూడా నాకు నిద్ర పట్టకపోలేదు. పిన్నీసులో ఒక కొలత ఉంది. వాడి తప్పెంతో నా జవాబూ అంతే. కత్తితో ఆ సౌకర్యం లేదు. అది తీశాక చిన్న జవాబంటూ ఉండదు. పైగా ఎదుటివాడి చేతిలో పడితే అది వాడి కత్తే.

ఢిల్లీ ఘటన తర్వాత, 2013 జనవరిలో, ముంబైలో శివసేనవాళ్లు ఆడవాళ్లకి చిన్న కత్తులు పంచారు. 2014లో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అని స్త్రీల కోసం ప్రత్యేకంగా రివాల్వరు తెచ్చింది. ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. నాకు కోపం వచ్చింది. వీధి దీపం వెలిగించని ప్రభుత్వం, రాత్రి పూట బస్సు నడపని ప్రభుత్వం, నీ ప్రాణానికి నువ్వే పూచీ అని చేతిలో ఆయుధం పెట్టడం ఏమిటి? రేపు ఏదైనా జరిగితే "కత్తి ఎందుకు పట్టుకెళ్లలేదు" అన్నది కూడా "అంత రాత్రి అక్కడేం పని" పక్కన ఇంకో ప్రశ్నగా చేరుతుంది.

ఈ కోపం న్యాయమైనదే. అయినా ఆ కోపంతో అమ్మాయి చేతిలోంచి కత్తి లాక్కోలేను. పార్కింగ్ స్థలంలో ఒంటరిగా నడిచేది అది. వ్యవస్థ మారేదాకా ఖాళీ చేతులతో నడువు అని సిద్ధాంతం చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటి?

ఇంతకీ ఈ ఆయుధాలన్నీ ఎవరిని ఊహించుకుని తయారైనవి? చీకట్లోంచి వచ్చే అపరిచితుణ్ణి. మన దేశంలో నమోదైన అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెప్తున్నాయి. ఇంట్లో అన్నం పెట్టించుకునేవాడి కోసం ఎవరూ స్ప్రింగు కత్తి పంచలేదు. అక్కర్లేదు కూడా, ఎందుకంటే ఇంట్లో కత్తులకి ఎప్పుడూ కొదవ లేదు.

కత్తిపీట సంగతే చూడండి. అందులో అలుగు కదలదు, కూరగాయే అలుగు దగ్గరకి వస్తుంది. పీట మీద కాలో మోకాలో అదిమి, రెండు చేతులూ స్వేచ్ఛగా ఉంచుకుని, జీవితమంతా పదునుకి ఎదురుగా కూర్చుంటాం. దాన్ని ఎవరూ ఆయుధం అనలేదు. మా ఇంట్లోది మడత కత్తిపీట. పనైపోగానే అలుగుని పీట మీదకి మడిచి గోడకి ఆనించాలని అమ్మ నేర్పింది.

మా అక్క సంగతి తన అనుమతితోనే రాస్తున్నాను. 1986లో ఒక సాయంత్రం తను వంకాయలు తరుగుతూ ఉంది. మా నాన్న ఇస్తానన్న డబ్బు అందలేదని బావ తిట్టుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. అతను జుట్టు పట్టుకునే లోపల అక్క ఒకే ఒక్క పని చేసింది. కత్తిపీట మడిచి కాలితో గోడవైపు నెట్టేసింది. తర్వాత దెబ్బలు తింది. ఈ మాట నాతో చాలా ఏళ్లకి, వేరే ఏదో చెప్తూ మధ్యలో అంది.

ఆ మడత నన్ను వదల్లేదు. మొదట్లో అది పతిభక్తి అనుకుని అక్క మీద మండిపడ్డాను. తర్వాత భయం అనుకున్నాను. పుస్తకాలు చదివాక, అణచివేతని తనలోకి ఇంకించుకోవడం అని సభల్లో పేరు చెప్పకుండా ఉదాహరణగా వాడాను కూడా. ఇంగ్లండులో కిరణ్‌జిత్ అహ్లువాలియా గురించి చదివినప్పుడు అక్క మళ్లీ గుర్తొచ్చింది. పదేళ్లు హింసించిన భర్త నిద్రపోతుండగా 1989లో ఆమె నిప్పంటించింది. హంతకురాలన్నారు. రెచ్చగొట్టడం వల్ల జరిగిందని ఒప్పుకోవాలంటే అదుపు 'ఆకస్మికంగా' తప్పి ఉండాలి. చట్టానికి అర్థమైనది స్ప్రింగులాంటి కోపం ఒక్కటే. పొయ్యి మీద నీళ్లలా ఏళ్ల తరబడి కాగే కోపానికి అందులో చోటు లేదు. 1992లో హత్యానేరం కొట్టేశారు గానీ ఆమె మానసిక స్థితిని కారణంగా చూపి. ఆకస్మికత అక్కర్లేదని అక్కడి చట్టం ఒప్పుకున్నది 2009లో.

మన భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షను, పాత శిక్షాస్మృతిలో 100వది, ప్రాణానికో మానానికో ముప్పు వచ్చిన ఆ క్షణంలో ఎదుటివాడి ప్రాణం తీసే దాకా ఆత్మరక్షణ హక్కు ఇస్తుంది. ఆ క్షణం దాటితే లేదు. రోజూ కొంచెం కొంచెంగా వచ్చే ముప్పులో ఆ క్షణం ఏది?

డాలస్ నుంచే అక్కకి ఫోను చేసి ముప్పైయేళ్లకి పైగా అడగనిది అడిగాను. "ఆ రోజు కత్తిపీట ఎందుకు మడిచావక్కా?"

"ఎందుకేమిటే? పిల్ల పాకుతూ వస్తోంది కదా అటే."

"బావ మీద ఎత్తాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"అనిపించకేం. చాలాసార్లు. ఆ రోజు మాత్రం పిల్ల పాకుతోంది." తర్వాత అక్కడ చలి ఎలా ఉందని అడిగింది.

ఆ రాత్రి అమ్మాయి డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మం దగ్గర కోటు జేబు తడుముకుంది. కత్తి నేను తీసి పెట్టిన చోటే, ఇస్త్రీ బల్ల మీద ఉంది. సరిగ్గా మూసుకుని ఉందో లేదో ఒకసారి చూసి నేనే తెచ్చి ఇచ్చాను.