సేనయు, ఓటును

హనుమకొండలో వృద్ధ న్యాయవాదియగు మా మేనమామకును నాకును ఒకనాడు జరిగిన వాదమిది.

"మామయ్యా, 1948 సెప్టెంబరు 13న హైదరాబాదు నిజాముపై కదలిన భారతసేన అయిదు దినములలో, మజ్లిస్ పక్షపు సాయుధదళమగు రజాకార్ల పీడను తొలగించినది గదా. సేనవలన మన ఓరుగల్లుకు మేలు కలిగినపుడు, అగ్రరాజ్యములు పరదేశములలో ప్రజాస్వామ్యమును నెలకొల్పబూనుట దోషమెట్లగును?"

"సేన వచ్చుటకు ముందే దానిని కోరినవారు ఇచ్చట నుండిరి నాయనా. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయజెండా నెగురవేయబోయి తుపాకిగుండ్లకు నేలకొరిగిన జనులు ఏ పరరాజ్యపు ప్రేరణకును కాచుకొని యుండలేదు. నిజాము ప్రభుత్వము భద్రతామండలికి మొరపెట్టుకొనగా, ఇది మా అంతర్గత వ్యవహారమని ఢిల్లీ వాదించినది. ఆ వాదమునకు ప్రాణము పరకాలవంటి యూళ్ల సాక్ష్యమే యని నా నమ్మకము."

"మజ్లిసునకును జనబలము కలదు గదా?"

"కలదు. కాని సార్వభౌమాధికారము ప్రజలందరిది కాక ముస్లిములదే యను 'అనల్ మాలిక్' సిద్ధాంతమును పట్టుకొనిన పక్షమది. నమాజు చేయువాడును, పూజ చేయువాడును పాలింపవచ్చును; ఓడినపుడు దిగుటకు అంగీకరింపనివాడు పాలింపరాదు. భారతదేశమున విలీనమును కోరి వ్రాసినందుకు 1948 ఆగస్టులో హతుడైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే. రజాకార్ల నాయకుడగు కాసిం రజ్వీ చేసిన దానికి ప్రతీకారముగా, ఏ పాపమెరుగని ముస్లిములు, ముఖ్యముగా మరాఠ్వాడా ప్రాంతమున, ప్రాణములు కోల్పోయిరి. భారత ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము ఆ మృతులను తక్కువలో తక్కువ 27 వేలనుండి 40 వేలవరకు అంచనా వేసినది. విమోచనమును కొనియాడు ప్రతివాడును ఈ సంఖ్యను కూడ స్మరింపవలెను."

"అంత జరిగియుండగా ఢిల్లీని ఏల సమర్థింతురు?"

"1952ను బట్టి. మూడేండ్లు సేనతో అణచిన కమ్యూనిస్టుల పక్షమున, పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పి.డి.ఎఫ్.) అభ్యర్థి పెండ్యాల రాఘవరావు వరంగల్లునుండి లోక్‌సభకు నెగ్గగా, ఢిల్లీ ఆ తీర్పును శిరసావహించినది. అల్జీరియాలో 1991 డిసెంబరున తొలివిడతలో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంట్ ముందంజ వేయగా, మరుసటి జనవరిలో ఆ ఎన్నికనే రద్దుచేసిరి. పాలస్తీనాలో 2006లో హమాస్ నెగ్గగా, ఎన్నికలు జరుపుడని ప్రోత్సహించిన అమెరికాయే ఆ ప్రభుత్వమునకు సహాయము నిలిపివేసినది. ఆయుధమును విడువకుండుట హమాస్ దోషమే. ఆ షరతును పోటీకి ముందు పెట్టవలెను గాని, ఓట్లు లెక్కించిన పిదప కాదు."

"అట్టి పక్షములు ఎన్నటికైనను మారునా?"

"రజ్వీ 1957లో పాకిస్తానుకు వెడలిన పిదప అబ్దుల్ వాహెద్ ఒవైసీ పునరుద్ధరించిన మజ్లిస్, నేడు భారత రాజ్యాంగముపై ప్రమాణము చేసి శాసనసభలో కూర్చుండుచున్నది."