బిడ్డకు మందు పడకపోతే ఎవరితో చెప్పాలి?



కీళ్లవాతం ముసలివారి జబ్బని మనలో చాలామంది అనుకుంటారు. పదహారేళ్లలోపు పిల్లలకు కూడా అది వస్తుంది. ఉదయం బడికి కుంటుకుంటూ వచ్చిన పిల్ల మధ్యాహ్నానికి ఆటస్థలంలో పరుగెత్తుతుంది. చూసే ఉపాధ్యాయునికి అది నటనగా తోచవచ్చు. తెల్లవారేసరికి కీళ్లు బిగుసుకొనిపోయి, పొద్దెక్కేకొద్దీ వదులు కావటం ఆ జబ్బు లక్షణమే. మందు వేయకపోతే కీలు వంకరపోతుంది. కొందరికి కంటిలో వాపు వచ్చి చూపు పోతుంది. కనుక మందు మాన్పించుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుట లేదు. మందువలన కీడు జరిగిందని తోచినప్పుడు, ఆ సంగతి ఇంట్లోనే దాచుకొనే హక్కు తల్లిదండ్రులకు ఉన్నదా? ఇదే నా ప్రశ్న.

ఏ మందైనా అంగడికి రాకముందు కొన్ని వందలమందికి, మహా అయితే కొన్ని వేలమందికి ఇచ్చి చూస్తారు. వారిలో పిల్లలు బహు కొద్దిమంది. పదివేలలో ఒకరికి వచ్చే కీడు అక్కడ కనబడదు. అమ్మకం మొదలైన తర్వాత ఎవరో ఒకరి ఇంటిలో కనబడుతుంది. అనగా మన బిడ్డ ఈ రోజు మింగే మాత్రను గురించి డాక్టరుకు తెలిసిన దానిలో కొంత, మునుపు ఇతర తల్లులు నోరు తెరిచి చెప్పినందువలన తెలిసినదే. వారి మాటవలన మేలు పొంది, మన వంతు వచ్చేసరికి మౌనంగా ఉండుట అప్పు తీసుకొని ఎగవేసినట్లు కాదా?

మన దేశంలో నిమెసులైడ్ సంగతి చూడండి. పెద్దల కీళ్లనొప్పులకు వాడే ఈ మందును ఇక్కడ చిన్నపిల్లల జ్వరానికి సిరప్‌గా కూడా అమ్మారు. కాలేయం చెడుతున్నదని నివేదికలు వచ్చిన మీదట ఫిన్లాండు, స్పెయిను దేశాలు 2002లోనే దాని అమ్మకం ఆపివేశాయి. మన ప్రభుత్వం పన్నెండేళ్లలోపు పిల్లలకు దానిని నిషేధించినది 2011లో. తొమ్మిదేళ్లు! మా మంసాపురం వంటి ఊళ్లలో పిల్లవాని కళ్లు పచ్చబడితే నేల ఉసిరి నూరి పోస్తారు. ముందు వారం ఏ సీసా పోశారని ఎవరు అడుగుతారు? ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో తమిళం, మందు అట్టమీద ఇంగ్లీషు. ఆ పేరు చదివి గుర్తుపెట్టుకొనే తల్లులు ఎందరు?

అయితే సాక్షి వేరు, తీర్పరి వేరు. అమెరికా ఔషధ శాఖ 2009 ఆగస్టులో ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటనర్‌సెప్ట్, అడాలిముమాబ్ అను మందులు వాడిన పిల్లలలో 48 మందికి క్యాన్సర్ వచ్చినట్లు అందిన నివేదికలను పరిశీలించి, వాటిపై గట్టి హెచ్చరిక ముద్రింపజేసింది. వీరు కీళ్లవాతం, పేగుల వాపు మొదలైన జబ్బులున్న పిల్లలు. చాలామంది వేరే మందులు కూడా వాడినవారే. 48 చిన్న అంకెయా, పెద్ద అంకెయా? తరగతిలో అయిదుగురు తప్పారంటే, ఎంతమందిలో అని మొదట అడుగుతాం. నివేదికలలో ఆ క్రింది అంకె ఉండదు. 2012లో కీళ్లవాతమున్న ఏడువేలకు పైగా పిల్లల లెక్కలు తీయగా, ఆ మందులు వాడనివారిలో సైతం క్యాన్సర్ ఇతర పిల్లలలోకంటె ఎక్కువగానే కనబడింది. జబ్బే కొంత కారణమేమో అని అనుకోవలసి వచ్చింది. మరి ఆ నివేదికలు వృథాయా? అవి లేకుంటే ఈ ప్రశ్న అంత గట్టిగా పుట్టి ఉండేదని నేననుకోను.

మనవారు ఎందుకు చెప్పరో ఎరుగుదును. "డాక్టరుగారి మీద ఫిర్యాదు చేసినట్లవుతుంది" అంటారు. నివేదిక ఎవరిమీదా నేరారోపణ కాదు. "ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి" అంటారు. ఈ భయాన్ని తేలికగా తీసివేయలేను. అందుకే ఆ ఫారంలో బిడ్డ పూర్తి పేరు అడగరు, పొడి అక్షరాలు చాలు. నాకు తప్పుగా తోచేది మరొకటి. డాక్టరుతో ఒక్క మాట చెప్పని మనిషి కుళాయి దగ్గర "ఆ మందు పిల్లలను చంపుతుంది" అంటాడు. ఆ మాట వెళ్లవలసిన చోటికి వెళ్లదు. వెళ్లకూడని ఇంటికి వెళ్తుంది, అక్కడ ఇంకొక బిడ్డ మందు మానివేస్తుంది.

మన దేశంలో 2010లో ఔషధ భద్రతా పర్యవేక్షణ కార్యక్రమం మొదలైంది. 2011 నుండి ఘజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దానిని నడుపుతున్నది. రోగులూ తల్లిదండ్రులూ స్వయంగా వ్రాయుటకు వీలైన ఫారం తెలుగులోనూ, తమిళంలోనూ ఉన్నది. 1800-180-3024కు ఖర్చు లేకుండా ఫోనులోనైనా చెప్పవచ్చు. మందే కారణమని రుజువు చేయనక్కరలేదు, అనుమానం చాలు. మొదట డాక్టరును చూడండి, మీ అంతట మీరు మందు ఆపకండి. బిడ్డ వయస్సు, మందు పేరు, మొదలుపెట్టిన తేది, కీడు కనబడిన తేది, దానితోపాటు ఇచ్చిన ఇతర మందులు (నాటుమందులు సైతం) వ్రాయండి. మెథోట్రెక్సేట్ అయితే ఏయే రోజుల్లో వేశారో తప్పక చెప్పండి. అది ఈ జబ్బుకు వారానికి ఒక్కసారే వేసేది, రోజూ వేస్తే ప్రాణాపాయం. మాత్రలు అయిపోయినా అట్టను పారవేయకండి, బ్యాచి నంబరు దానిమీదే ఉంటుంది.