చూసినవారు ముగ్గురు



మొన్న తెనాలిలో బంధువుల ఇంట రాత్రి భోజనాలయ్యాక అందరం టీవీ ముందు కూర్చున్నాం. ఒక విదేశీయుడు మన దేశమంతా తిరుగుతూ తీసిన యాత్రా ధారావాహిక వస్తోంది. రైళ్ళు, గుళ్ళు, సంతలు, మధ్యమధ్య బిచ్చగాళ్ళు, మురుగు కాలవ పక్కన గుడిసెలు. కాసేపు చూసి ఇంటి పెద్దాయన విసుక్కున్నారు. "వీడికి మన దరిద్రం తప్ప ఇంకేమీ కనబడదా? ఆపెయ్యండి!" అన్నారు. తొమ్మిదో తరగతి చదివే మనుమరాలు మాత్రం, "తాతయ్యా, మన కాలవ గట్టు కూడా అచ్చం ఇలాగే ఉంటుందిగా!" అంది. ఎవరూ మాట్లాడలేదు. టీవీ ఆగిపోయింది.

ఆ ఇంట్లో తప్పు ఎవరిది? తాతగారి కోపంలో న్యాయం లేకపోలేదు. మనుమరాలి మాటలో అబద్ధమూ లేదు. పరాయివాడు మనల్ని చూసి చెప్పిన మాట మనకు ఎంతవరకు ప్రమాణం? ఈ వారం ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచించాలని ఉంది.

ఇది కొత్త తగాదా ఏమీ కాదు. లూయీ మాల్ అనే ఫ్రెంచి దర్శకుడు 1968లో ఇద్దరు సహాయకులతో, ఒక కెమెరాతో మన దేశానికి వచ్చి నెలల తరబడి తిరిగాడు. తీసినదాన్ని 'ఫాంటమ్ ఇండియా' పేరుతో 7 భాగాల ధారావాహికగా కూర్చగా 1969లో ఫ్రెంచి టెలివిజన్ ప్రసారం చేసింది. ఒక భాగం మద్రాసు గురించి, ఒకటి బొంబాయి గురించి, మరొకటి కులాల గురించి. 1970లో బి.బి.సి. దాన్ని బ్రిటన్‌లో చూపించినప్పుడు మన ప్రభుత్వానికి ఆగ్రహం వచ్చింది. దేశాన్ని వికారంగా చూపారని అభ్యంతరం చెప్పింది. బి.బి.సి. వినకపోయేసరికి ఢిల్లీలోని దాని కార్యాలయాన్ని మూయించింది. ఆనాడు ఢిల్లీ చేసిందీ, మొన్న తెనాలిలో తాతగారు చేసిందీ ఒకటే. ఇద్దరూ టీవీ ఆపించారు.

ఆపితే గుడిసె మాయమవుతుందా? కాదు గదా!

ఇక్కడ మన మనసును మనమే ఒకసారి తడిమి చూసుకోవాలి. తెనాలిని 'ఆంధ్రా ప్యారిస్' అని ఎంత మురిపెంగా చెప్పుకుంటాం! ఊరి మధ్య పారే మూడు కాలవలనూ, నాటకాలనూ, కళాకారులనూ తలచుకొని గర్విస్తాం. మంచిదే. కాని ఆ పేరులో ఉన్న ప్యారిస్ ఎవరి ఊరు? పరదేశపు కొలబద్దతో మనల్ని కొలిచి పొగిడితే దాన్ని ఊరి పేరుకు బిరుదుగా తగిలించుకుంటాం. అదే కొలబద్దతో కొలిచి లోపం చూపితే, "వాడెవడు మాకు చెప్పడానికి?" అంటాం. అంటే మనకు కోపం పరాయి చూపు మీద కాదు, ఆ చూపు మెచ్చుకోనందుకు. ఇది నిజాయితీ అనిపించుకోదు.

అయితే తాతగారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కన్ను దేనికోసం వచ్చిందో దాన్నే ముందు చూస్తుంది. రేపల్లెకు దిగువన ఉన్న మన నిజాంపట్నమే ఇందుకు సాక్షి. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఆ రేవులో దిగారు. అప్పట్లో వారు దాన్ని పెటపోలి అని రాసేవారు. వారు వచ్చింది మన బట్టల కోసం. కొద్ది కాలానికి విలియం మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు మచిలీపట్నంలో పనిచేసి, గోల్కొండ రాజ్యం గురించి రాసిన వృత్తాంతం 1626లో అచ్చయింది. వజ్రాల గని, కులాలు, భర్త చితిపై కాలిపోయే వితంతువులు, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన చూసింది నిజమే. కాని వర్తకుడి కన్ను వర్తకుడిదే. బేరం లేనిచోట అది ఎక్కువసేపు నిలవదు. అద్దకం చేసిన మనిషికంటే అద్దకమే దానికి ముందు కనబడుతుంది.

టీవీ కెమెరాకూ ఈ బలహీనత ఉంది. అది ఆకలిని చూపగలదు గాని, ఆకలితో ఉన్న మనిషి పేరు అడగడానికి దానికి తీరిక ఉండదు. పూరిగుడిసెను చూపుతుంది. ఆ గుడిసెలో తల్లి తన కంచంలోని ముద్ద బిడ్డకు పెట్టి తాను మంచినీళ్ళు తాగి పడుకోవడం దాని కంటబడదు. లూయీ మాల్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే మొదటి భాగానికి 'అసాధ్యమైన కెమెరా' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. జనం పని ఆపి కెమెరావైపు తేరిపార చూసిన దృశ్యాలను కత్తిరించకుండా ఉంచాడు. "నేను వీళ్ళను చూస్తున్నాను, వీళ్ళూ నన్ను చూస్తున్నారు" అని ఒప్పుకోవడం అది. చూసేవాడికి ఆ మాత్రం వినయం ఉంటే, చూపబడేవారికీ కొంత ఓర్పు ఉండాలి.

ఎందుకంటారా? ఊరివాడి కంటికి ఒక జబ్బు ఉంది. దాని పేరు అలవాటు. మోషేకు పిల్లనిచ్చిన మామ యిత్రో మిద్యాను దేశస్థుడు, పరజాతివాడు. అల్లుణ్ణి చూడవచ్చినప్పుడు, మోషే ఒక్కడే పొద్దుటినుండి సాయంత్రం దాకా తీర్పులు చెప్పడం, జనమంతా నిలబడి ఉండడం గమనించాడు. రోజూ చూసేవారెవరికీ అది వింతగా తోచలేదు. వచ్చిన మరునాడే ఆ పెద్దాయన, "ఈ పద్ధతి మంచిది కాదు నాయనా" అన్నాడు, దారీ చెప్పాడు. "నువ్వు పరాయివాడివి, నీకేం తెలుసు?" అని మోషే అనలేదు. విన్నాడు, దిద్దుకున్నాడు.

మనకూ అలా దిద్దుకోవలసినవి లేవా? కులాల గురించి తీసిన భాగం చూసి 1970లో మనవారు సిగ్గుపడ్డారు. తెనాలి నుండి బాపట్ల వెళ్ళే రైలు చుండూరు మీదుగానే వెళ్తుంది. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్ళో 8 మంది దళితులు హతులయ్యారు. ఊరు వేరు, వాడ వేరు, ఊరి బావి వేరు, శ్మశానం వేరు అన్న సంగతి అంతకు ముందు మనకు తెలియదా? తెలుసు. తెలిసినా కనబడలేదు. ఏ విదేశీయుడైనా రైలు దిగి, "ఇక్కడ మనుషులను రెండు చోట్ల ఎందుకు పూడుస్తారు?" అని అడిగి ఉంటే, మనం ఏం జవాబు చెప్పేవాళ్ళం? ఆ మాటకొస్తే, ఒకే బలిపీఠం ముందు మోకరించే మన విచారణల్లో పెళ్ళి సంబంధాల దగ్గర అదే ప్రశ్న అడిగితే ఏం చెబుతాం? ఆ ప్రశ్నను మనకు మనమే వేసుకోకపోతే, ఎవరో వచ్చి వేసినప్పుడు కోపగించుకునే హక్కు మనకు లేదు.

కాని, చూడడంతో పని అయిపోతుందా? క్రీస్తునాథుడు చెప్పిన మంచి సమరీయుని కథ మీకు తెలిసిందే. ఒకసారి జాగ్రత్తగా గుర్తు చేసుకోండి. దారిలో పడివున్న గాయపడినవాణ్ణి ముగ్గురూ చూశారు. యాజకుడు చూశాడు, లేవీయుడు చూశాడు, సమరీయుడు చూశాడు. చూపులో తేడా లేదు. తేడా అంతా ఆ తరువాతి అడుగులో ఉంది. ఇద్దరు పక్కగా తప్పుకున్నారు, ఒకడు దగ్గరకు వచ్చాడు. ఆ ఒక్కడే అక్కడ పరాయివాడు!

1969లోనే మాల్కమ్ మగ్గరిడ్జ్ అనే ఇంగ్లీషు పాత్రికేయుడు బి.బి.సి. కోసం కలకత్తాలో మదర్ తెరెసా గురించి చిత్రం తీశాడు. మరణశయ్య మీద ఉన్నవారి ఆశ్రమంలో వెలుగు చాలదనుకుంటే బొమ్మ స్పష్టంగా వచ్చింది. మగ్గరిడ్జ్ అది దైవకాంతి అన్నాడు. కెమెరామన్ మాత్రం అది కొత్తరకం కొడాక్ ఫిల్ము మహిమ అన్నాడు. ఆ వాదం అలా ఉంచండి. కెమెరా కొద్ది రోజులుండి వెళ్ళిపోయింది. మదర్ తెరెసా కూడా పరదేశంలో పుట్టినవారే. 1929లో మన దేశానికి వచ్చి, 1997లో కలకత్తాలోనే కన్నుమూశారు. మన గుంటూరు ప్రాంతానికి 1904లో హాలెండు నుండి వచ్చిన జె.ఎం.జె. కన్యస్త్రీలూ, వారికి ముందే వచ్చిన మిల్ హిల్ సభ గురువులూ అంతే. వారూ మన లేమినే చూశారు. కాని చూసి ఊరుకోలేదు. మన భాష నేర్చుకున్నారు, మన మధ్య ఉండి పనిచేశారు. అలాంటివారు మన లోపం చెబితే కోపం రాదు. ఎందుకంటే, ఆ లోపంలో వారూ పాలు పంచుకున్నారు.

ఇప్పుడు మన వంతు. ప్రతి చేతిలోనూ కెమెరా ఉన్న రోజులివి. ఆదివారం బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి వెళ్తాం. చేపలు ఏరుకుంటున్న ముసలమ్మ కనబడితే, "భలే ఉంది" అనుకుంటూ సెల్‌ఫోన్ తీస్తాం. ఆ క్షణాన ఆమెకు విదేశీయుడు ఎవరు? మనమే. "అమ్మా, ఫొటో తీసుకోనా?" అని అడిగామా? పేరు అడిగామా? ఆమె వద్దంటే జేబులో పెట్టుకున్నామా? లూయీ మాల్ మీద మనం వేసిన నేరమంతా అక్కడ మన మీదికే తిరిగి వస్తుంది.

కాబట్టి, తాతగారూ, టీవీ ఆపకండి. చూపినది అబద్ధమైతే పిల్లలకు విడమరచి చెప్పండి. సగం నిజమైతే మిగతా సగం మీరు చెప్పండి, అది మీకే తెలుసు. పూర్తి నిజమైతే మాత్రం మర్నాడు పొద్దున మనుమరాలి చెయ్యి పట్టుకొని ఆ కాలవ గట్టు దాకా నడిచి వెళ్ళండి. అక్కడున్నవారి పేర్లు కనుక్కోండి.

తరువాత ఏం చెయ్యాలో ఆ గట్టు మీద నిలబడితే మీకే తెలుస్తుంది.