రేడియోకి డబ్బు ఏ దారిన రావాలి?

మేనకోడలు: నేను ఆకాశవాణి వినను మామయ్యా. నా పన్ను డబ్బు దానికెందుకు పోవాలి? వినేవాళ్లే ఖర్చు పెట్టుకోవచ్చు కదా.

మామయ్య: ఇంటిపన్ను రసీదు ఎప్పుడైనా చూశావా అమ్మాయ్? అందులో గ్రంథాలయ సెస్సు ఉంటుంది, పన్ను రూపాయికి 8 పైసలు. లైబ్రరీ గడప తొక్కనివాళ్లూ కడతారు. పుస్తకం కొనలేని పిల్లలు అక్కడ కూర్చుని ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటారు. రేడియో సంగతీ అంతే. ఆదిలాబాద్ కేంద్రం గోండిలో కార్యక్రమాలు వేస్తుంది. ప్రకటనల మీద బతికే ఎఫ్‌ఎం ఆ పని ఎందుకు చేస్తుంది? వినేవాళ్లు తక్కువ, వాళ్ల చేతిలో డబ్బు ఇంకా తక్కువ. కొనుక్కోలేనివాడి భాషకు గాలిలో చోటు ఉండాలంటే, ఆ ఖర్చు అందరం పంచుకోవాల్సిందే.

మేనకోడలు: గోండి కార్యక్రమాలకైతే సంతోషంగా ఇస్తాను. కానీ ఎమర్జెన్సీలో అదే రేడియో ఎవరి మాట వినిపించిందో మీరే చెప్పారు. డబ్బు నాది, గొంతు ప్రభుత్వానిది. ఇదేం న్యాయం?

మామయ్య: న్యాయం కాదు. అందుకే స్వతంత్ర ట్రస్టు పెట్టమని వర్గీస్ కమిటీ 1978లోనే చెప్పింది. ఆకాశవాణిని స్వతంత్ర సంస్థకు అప్పగించే ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది, అమలయ్యేసరికి 1997. ఈలోగా 1995లో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అంది. ఇంత జరిగినా జీతాల డబ్బు ఇవాళ్టికీ సమాచార ప్రసార శాఖ బడ్జెట్‌లోంచే రావాలి. ఏటా చెయ్యి చాచాల్సినవాడు ఇచ్చేవాడి తప్పు ఎంత గట్టిగా చెప్పగలడు? ఎవరు కట్టాలన్నదానికంటే నాకు ఇదే పెద్ద ప్రశ్న. మా నాన్న పోస్టాఫీసుకు వెళ్లి రేడియో లైసెన్సు కట్టేవాడు. 1980లలో దాన్ని ఎత్తేశారు. అలాగే రేడియోకీ విడిగా ఒక సెస్సు ఉంటే...

మేనకోడలు: విడిగా ఉన్న గ్రంథాలయ సెస్సు గతేమైంది? మున్సిపాలిటీలు వసూలు చేసుకుని, జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయిలు పెట్టడం లేదూ?

మామయ్య: పెడుతున్నాయి. కాబట్టి సెస్సు అని పేరు పెడితే చాలదు. వసూలైన సొమ్ము నేరుగా ప్రసార సంస్థ ఖాతాలో పడాలి. అయిదేళ్లకు ఎంత ఇవ్వాలో ముందే తేలిపోవాలి, ఒక వార్త నచ్చలేదని మధ్యలో కోయడానికి వీల్లేకుండా. లెక్క పార్లమెంటుకు చెప్పాలి.

మేనకోడలు: ఆ చట్టం రాయాల్సింది ఇప్పుడు డబ్బు చేతిలో పెట్టుకున్నవాళ్లేగా?

మామయ్య: వాళ్లే. ఒత్తిడి లేకుండా రాయరు.

మేనకోడలు: అయితే ముందు గ్రంథాలయాల బకాయిలు కట్టించండి. అది జరిగితే రేడియో సెస్సు నేనూ కడతాను, వినకపోయినా.