యాజకుడు చూడవలెను

ధ్యాన భాగము: లేవీయకాండము 13:38, 39



లేవీయకాండము 13వ అధ్యాయమును మన కూటములలో చదువుట అరుదు. పొక్కులు, మచ్చలు, కుష్ఠు, ఇవి మనకెందుకని పుట త్రిప్పుదుము. అయితే అందులో యాజకునికి ఒక కట్టడ ఉన్నది. సందేహమైన మచ్చను చూచి తొందరపడి తీర్పు చెప్పరాదు. ఏడు దినములు ఆగి మరల చూడవలెను. పై వచనములలోనైతే, చర్మముమీద వాడిన తెల్లని మచ్చలు గల పురుషుని గాని స్త్రీని గాని అతడు చూచి, పవిత్రులని చెప్పవలెను. అపవిత్రతను తెలుపుట ఎంత అతని పనియో, పవిత్రతను తెలుపుటయు అంతే అతని పని. ఈ రెండవ పనిలో మేము తప్పిపోతిమి. దాచక చెప్పుదుము.

తెనాలి, రేపల్లెల మధ్య మేము పరిచర్య చేయు ఒక సంఘములో ఒక యౌవన స్త్రీ ఉన్నది. ఆమె మెడమీదను భుజములమీదను రూపాయి బిళ్లంత తెల్లని మచ్చలు కనబడెను. ఆ చోట్ల చర్మము ముడతలు పడి వదులాయెను. వ్రేలు పెట్టిన లోనికి దిగును. నొప్పి లేదు, దురద లేదు. కొందరు కుష్ఠనిరి, కొందరు శాపమనిరి. ఆరాధనలో ఆమె ప్రక్కన కూర్చుండుట మానిరి. ప్రభు భోజనమునకు ఆమె తానే అందరికన్న వెనుక వచ్చుట మొదలుపెట్టెను, తన తరువాత ఎవరును ఆ గిన్నెలో త్రాగవలసిన పని లేకుండునట్లు. మేము చూచితిమి. సంఘములో అలజడి ఎందుకని ఊరకుంటిమి. అంతలో ఆమెకు రెండు గర్భములు పోయెను.

తుదకు గుంటూరు తీసికొనిపోగా వైద్యులు చర్మపు ముక్క తీసి పరీక్షించి, దీని పేరు అనెటోడెర్మా అనిరి. మీ చేతి వెనుక చర్మమును పట్టి విడువుడి. వెంటనే తన స్థలమునకు పోవును. సాగి మరల ముడుచుకొను సన్నని పోగులను దేవుడు చర్మములో పెట్టెను. ఈ వ్యాధిలో అక్కడక్కడ అవి నశించును. పాత సైకిలు ట్యూబువలె ఆ చోటు బిగువు కోల్పోవును. పోయిన పోగులను తిరిగి తెచ్చు మందు లేదు. అయితే ఈ వదులుతనము ఒకరినుండి ఒకరికి అంటదు. కొందరికి మాత్రము కుష్ఠు, క్షయ వంటి రోగముల తరువాత వచ్చును. మరికొందరికి రక్తము అకాలముగా గడ్డకట్టు గుణము దీనితో కూడియుండును. దానివలన గర్భము పోవచ్చును. ఆమె రక్తములో ఈ గుణమే కనబడెను. దానికి మందు ఉన్నది. మా మౌనము ఆమెకు ఎంత వెలయైనదో ఆ దినమున గ్రహించితిమి.

అది కుష్ఠే అయినచో త్రోసివేయవచ్చునా? బాపట్లలో రక్షణ సైన్యము వారు కుష్ఠురోగులకై ఆసుపత్రి నడిపిరి. ఆ రోగమునకు కారణమైన క్రిమిని 1873లో నార్వే దేశపు హాన్సెన్ కనుగొనెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మందులతో అది ఆరు నెలలలోనో సంవత్సరములోనో కుదురును. ప్రభుత్వ ఆసుపత్రిలో అవి ఉచితము. గనుక స్పర్శ తెలియని మచ్చ కనబడిన వెంటనే చూపించుకొనుడి. సిగ్గుపడి దాచకుడి.

గ్రీకు భాషలో అనెటోస్ అనగా వదులైనది. 2 థెస్సలొనీకయులకు 1:7లో శ్రమపడువారికి దేవుడిచ్చు విశ్రాంతికి పౌలు వాడిన మాటయు ఆ ధాతువునుండియే వచ్చినది. కట్లు వదులగుటయే విశ్రాంతి. ఆమె చర్మమును బిగించుట మన చేత కాదు. ఆమెకు మనము బిగించిన కట్లను విప్పుట మన చేతనగును.

గత నెల ప్రభు భోజనమున ఆమెను ముందుగా పిలిచితిమి. ఆమె త్రాగిన తరువాత అదే గిన్నెలో మేము త్రాగితిమి. పెద్దలును త్రాగిరి. ఇద్దరు మాత్రము గోడవారగా నిలిచిపోయిరి. వారికొరకును మాకొరకును ప్రార్థించుడి. చూచి, ఆగి, మరల చూచు కన్నులను ప్రభువు మనకు దయచేయునుగాక. ఆమేన్.