మైనరు చేసిన నేరములో తండ్రికి పాలెంత?



2024 మే 19 తెల్లవారుజామున పుణె నగరములోని కల్యాణి నగర్‌లో జరిగిన ప్రమాదమును మహారాష్ట్రలో ఉన్న మన వారికి గుర్తు చేయనక్కరలేదు. పదిహేడేళ్ల బాలుడు నడిపిన పోర్షే కారు మోటారు సైకిలును గుద్దగా, దాని మీద ఉన్న ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. బాలుడు అంతకు ముందు స్నేహితులతో కలిసి మద్యము తాగాడని పోలీసులు చెప్పారు. మహారాష్ట్రలో బీరు తాగుటకు 21 ఏళ్లు, విస్కీ వంటి వాటికి 25 ఏళ్లు నిండాలి. కారు నడుపుటకు 18 నిండాలి. ఈ బాలునికి ఏ ఒక్కటీ నిండలేదు.

కొన్ని గంటలలోనే బాలల న్యాయ మండలి బెయిలు ఇచ్చింది. షరతులలో ఒకటి, రోడ్డు ప్రమాదముల మీద 300 మాటల వ్యాసము రాయవలెనని. దేశమంతా మండిపడింది. పిల్లల చేత వ్యాసములు రాయించుటలోనే ఉద్యోగమంతా గడిపినవాడను గనుక నాకు ఆ షరతును చూచి నవ్వు రాలేదు. తన తప్పును గూర్చి తానే కూర్చొని రాసిన పిల్లవాడు మెత్తబడుట ఎరుగుదును. అయితే జరిగినది ఏమిటో ముందు తేలాలి గదా! అది తేలకముందే కలము చేతికిస్తే వాడు రాసేది కాపీయే.

మూడు రోజులకు మండలి బాలుని పరిశీలన గృహమునకు పంపింది. బెయిలు ఇచ్చిన తరువాత అట్లు ఉంచుట చెల్లదని బొంబాయి హైకోర్టు జూన్ 25న విడుదల చేయించింది. పెద్దవానివలె విచారించాలన్న పోలీసుల కోరికను 2025 జూలైలో మండలి తోసిపుచ్చింది.

చట్టము ఎందుకింత మెత్తన అని చాలామంది అడుగుతున్నారు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము 16 నిండిన వానిని పెద్దవానిగా విచారించాలంటే ఆ నేరమునకు కనీస శిక్ష 7 ఏళ్లు ఉండాలి. 2016లో ఢిల్లీలో ఒక మైనరు మెర్సిడెస్ కారు నడిపి ఒకరి ప్రాణము తీశాడు. అది తాగి నడిపిన కేసు కాదు గాని, ఆ కేసులోనే 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఈ లెక్కను తేల్చింది. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా, కనీస శిక్ష రాసి లేకపోతే అది ఘోర నేరముల తరగతిలో చేరదు. అప్పుడు మండలి వేయగలిగినది ప్రత్యేక గృహములో 3 ఏళ్లు మాత్రమే.

చనిపోయిన వారి తల్లిదండ్రులకు ఈ మాట ఎంత చేదో ఊహించగలను. అయినను పదిహేడేళ్ల వానికి బాగుపడుటకు దారి ఉంచుట సరియేనని నా తలంపు. నన్ను కలవరపెట్టేది బాలుని శిక్ష కాదు, పెద్దల సంగతి.

2019లో మోటారు వాహనముల చట్టములో 199ఎ అను సెక్షను చేర్చారు. మైనరు నేరము చేసిన యెడల తండ్రికి లేక సంరక్షకునికి, బండి యజమానికి, 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవానికి 25 ఏళ్లు నిండే వరకు లైసెన్సు రాదు. తండ్రి అనుమతితోనే నడిపాడని కోర్టు మొదటనే భావిస్తుంది. తనకు తెలియదనియో, ఆపుటకు చేయవలసినదంతా చేశాననియో తండ్రే రుజువు చేసుకోవాలి. పిల్లలకు మద్యము పోసిన వారికి వేరే సెక్షను, 7 ఏళ్ల వరకు జైలు.

కొడుకు చేసినదానికి తండ్రి జైలుకు పోవుట న్యాయమా? ఇది తేలికైన ప్రశ్న కాదు. ఒకని తప్పుకు మరొకని దండించరాదని మనమే పిల్లలకు నేర్పుతాము. కాని ఈ సెక్షను పట్టుకొనేది తండ్రి చేసిన పనినే. తాళపుచెవి ఇచ్చినది ఆయన. వద్దని నోటితో చెప్పి చెవిని గోడకు తగిలించి ఉంచినదీ ఆయనే. మన సంఘములలోనూ తొమ్మిదో తరగతి పిల్లలు చెల్లెలిని వెనుక కూర్చోబెట్టుకొని స్కూటీ మీద ఆరాధనకు వస్తారు. “మావాడు బాగానే నడుపుతాడండీ” అని తండ్రి మురిసిపోతాడు. పోర్షే కొనలేని ఇంటిలో కూడ ఆ మురిపెము ఉంటుంది. మైనరు నడిపిన బండికి ఇన్సూరెన్సు కంపెనీ నష్టపరిహారము కట్టినా, యజమాని దగ్గర తిరిగి రాబట్టుకొనవచ్చునని వీరిలో ఎంతమందికి తెలుసును?

పుణెలో జరిగినదని పోలీసులు చెప్పేది దీనికంటె బరువైనది. 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములు మించి మద్యముంటే నేరము. గంటలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. అందుకే రక్తపు నమూనా ప్రధానము. బాలుని నమూనా తీసివేసి తల్లి రక్తమును పెట్టారని, కారు తానే నడిపానని చెప్పమని ఇంటి డ్రైవరును బెదిరించారని పోలీసుల ఆరోపణ. తల్లి, తండ్రి, తాత, డాక్టర్లు కూడ అరెస్టయ్యారు. ఇవన్నీ కోర్టులో తేలవలసిన సంగతులే. నిజమైన యెడల, ఒక కుటుంబము తన బిడ్డ కొరకు జీతగాని బిడ్డల తండ్రిని జైలుకు పంపజూచినదన్న మాట. దీనిని ప్రేమ అనుటకు నాకు నోరు రాదు. మైనరు మీద చట్టము చూపే దయ, వాని చుట్టూ ఉన్న పెద్దలు నిజము చెబుతారన్న నమ్మకము మీద నిలిచి ఉన్నది. తాను ఏమి చేశాడో ఆ ఉదయమే వానికి ఇంటిలో ఎవరైనా చెప్పి ఉంటే, ఆ 300 మాటలలో రాయుటకు వానికి ఏదైనా ఉండేది.